ముందు రెండో వైకల్యం, ఆ తర్వాతే ఎం.ఎడ్.

ప్రత్యేకావసరాల పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ టీచర్ల లక్ష్యాలు అడిగితే ఎక్కువగా వినబడేవి రెండే: డీఎస్సీ, ఎం.ఎడ్. కాదనను. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేకావసరాల పిల్లలకు, ఆ పైన 15 మందికి ఒక టీచర్ ఉండాలని కేంద్రం 2022లో నోటిఫై చేసింది. 2025లో మన ఆంధ్రప్రదేశ్ 2,260 పోస్టులు మంజూరు చేసింది. టెట్‌లో 1-బి, 2-బి పేపర్లు మనవే. దారి ఉంది.

కానీ టెక్కలిలోనో, చీపురుపల్లిలోనో ఈ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం తలుపు తీశాక మన స్పెషలైజేషన్ చూసుకుని పిల్లలు రారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది, బి.ఎడ్.లో మనం లోతుగా చదివేది ఒక్కటి. అందుకే ఎం.ఎడ్. కన్నా ముందు రెండో వైకల్యంలో చేయి తిరగాలంటాను.

ఐడీ (మేధో వైకల్యం) చదివినవాళ్లకు నా ఓటు వినికిడి లోపానికి. రోజూ పాఠానికి ముందు వినికిడి యంత్రం చూడడం నేర్చుకుంటే చాలా మారుతుంది. బ్యాటరీ ఉందా, చెవిలో పెట్టే మోల్డ్‌లో గులిమి అడ్డుపడిందా, గొట్టంలో చెమ్మ చేరిందా చూడాలి. మన తీరంలో ఉక్కపోతకు చెమ్మ మామూలే, రాత్రిపూట సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టమని ఇంట్లో చెప్పాలి. జింక్-ఎయిర్ బ్యాటరీ స్టిక్కర్ ముందే పీకేస్తే వాడకపోయినా అయిపోతుంది. తర్వాత నోరు కనబడకుండా పక్కనుంచి ఆరు ధ్వనులు అనాలి: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. వినబడినప్పుడల్లా పిల్లాడు ఒక గింజ డబ్బాలో వేస్తాడు. ఒకే లయలో అంటే వినకుండానే వేసేస్తాడు, మధ్యలో విరామాలు మార్చాలి. నిన్న విన్న 'స్' ఇవాళ వినలేదంటే ముందు యంత్రాన్ని అనుమానించాలి, పిల్లాడిని కాదు. ఈ ఒక్క పని చేయక "శ్రద్ధ లేదు" అనే మాట ఎన్ని రికార్డుల్లోకి ఎక్కిందో!

వినికిడి చదివినవాళ్లు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు పట్టు తప్పే స్థితి) ఉన్న పిల్లలను కూర్చోబెట్టడం, తినిపించడం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి. పాదాలు నేలకానాలి, నడుము, మోకాళ్లు లంబకోణంలో ఉండాలి. తల వెనక్కి వాల్చి తినిపిస్తే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఐఈపీ, అంటే ఒక్కో పిల్లాడికి విడిగా వేసే చదువు ప్రణాళిక, రాయడంలోనూ ఎదగాలి. "డబ్బు గుర్తిస్తాడు" అనేది లక్ష్యం కాదు. "పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌కి ఇరవై నోటిచ్చి చిల్లర అడుగుతాడు, అయిదుసార్లలో నాలుగుసార్లు, సాయం లేకుండా" అని రాస్తే కొలవొచ్చు. చేయి పట్టి చేయించే సాయం మణికట్టుకి, మోచేతికి, చివరికి వేలు చూపడానికి తగ్గాలి. తగ్గించకపోతే పిల్లాడు మన చేయి కోసమే ఎదురుచూస్తాడు. కేంద్రంలో వచ్చింది ఊళ్లో కొట్టు దగ్గర రాకపోతే అది ఇంకా రానట్టే.

ఇక్కడి టీచరుకు ఇంకో పని భాష. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా, మెళియాపుట్టి, మందస కొండల్లో సవర. తెలుగులో అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోతే వైకల్యం అనుకోవద్దు. "నీళ్లు తే", "ఇది ఎవరిది" లాంటి మాటలు కొన్ని ఇంటి భాషలో నేర్చుకుని, తల్లిని పక్కన పెట్టుకుని మళ్లీ అడగాలి. "గుంటడికి అన్నీ తెలుసు మేస్టారూ" అని ఆమె అంటే, ఏం తెలుసో చేయించి చూడాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా: ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) ఇచ్చే సీఆర్‌ఆర్ రిజిస్ట్రేషన్ నంబరు గడువు సర్టిఫికెట్ మీద చూసుకోండి. రెన్యువల్‌కు కావాల్సిన సీఆర్‌ఈ (కొనసాగింపు శిక్షణ) పాయింట్లు చివరి ఏడాదికి ఉంచకుండా ఏటా కొన్ని చేయండి, అవీ రెండో వైకల్యం మీదే ఎంచుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఎలా ఉందో దరఖాస్తులోనూ అలాగే రాయండి.