‘కనిపెట్టారు’ దగ్గర మొదలయ్యే తిప్పలు: సైన్సు అంశాలతో ఇంగ్లీషు పీరియడ్లు

తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పీరియడ్‌లో సైన్సు, ఆవిష్కరణలు, యంత్రాల మీద యాక్టివిటీ పెట్టాలంటే నేను ముందు వేసుకునే లెక్క ఇది: 42 మంది పిల్లలు, బెంచీకి ముగ్గురు, 45 నిమిషాల పీరియడ్. హాజరు, హోంవర్కు పోగా చేతికి మిగిలేది 35 నిమిషాలు. ఈ లెక్కలో ఇమడని యాక్టివిటీ ఎంత గొప్పదైనా కాగితం మీదే ఉండిపోతుంది. ఇక్కడ రాస్తున్నవి ఆరు పీరియడ్ల పని. వరుస కూడా ఇదే ఉంచుతాను, ఎందుకంటే రెండో దానికి కావలసిన వాక్యం మొదటి దాంట్లోనే తయారవుతుంది.

అసలు చిక్కు తెలుగు మాట దగ్గరే ఉంది. టెలిఫోన్‌నీ కనిపెట్టారంటాం, పెనిసిలిన్‌నీ కనిపెట్టారంటాం. ఇంగ్లీషులో మొదటిది ఇన్వెంట్, రెండోది డిస్కవర్. పిల్లల నోట ముందు పడేది ఇన్వెంట్ కాబట్టి న్యూటన్ గ్రావిటీని ‘ఇన్వెంట్’ చేసేస్తాడు. ‘ఆవిష్కరణ’ అని అర్థం చెప్పినా లాభం లేదు. దాన్నీ రెండింటికీ వాడతాం, పైగా విగ్రహావిష్కరణ, పుస్తకావిష్కరణ కూడా అందులోనే ఉన్నాయి. అందుకే అర్థం చెప్పను, ఒక ప్రశ్న ఇస్తాను: ఆ మనిషి పుట్టకముందు ఆ వస్తువు లోకంలో ఉందా? ఉంటే డిస్కవర్, లేకపోతే ఇన్వెంట్.

మొదటి పీరియడ్‌కి బెంచీకి ఒక్కో కట్ట చొప్పున 14 కట్టలు, కట్టకు 12 చీటీలు. ఎనిమిది తేలికవి: టెలిఫోన్, ఆక్సిజన్, సేఫ్టీ పిన్, రేడియం, స్టెతస్కోప్, రామన్ ఎఫెక్ట్, డైనమైట్, ఎలక్ట్రాన్. మిగతా నాలుగు కావాలని పెట్టిన చిక్కుముళ్లు: ఎక్స్‌రే, ఎక్స్‌రే మిషన్, ఎలక్ట్రిసిటీ, నిప్పు. 1895లో రాంట్‌జెన్ గుర్తించింది కిరణాన్ని, ఆసుపత్రిలో మనం చూసేది మనుషులు తయారుచేసిన యంత్రాన్ని. ఈ రెండు చీటీలూ పక్కపక్కన పడ్డప్పుడే తేడా తలకెక్కుతుంది. సున్నాని మాత్రం చీటీల్లో వేయకండి. అది ముందే ఉందా లేదా అన్న వాదన వేదాంతంలోకి దిగి, పీరియడంతా చక్కటి తెలుగులో అయిపోతుంది.

చీటీలు ఊరికే పంచి రెండు కుప్పలుగా వేయమంటే మూడు నిమిషాల్లో, నోరు మెదపకుండా పూర్తిచేస్తారు. అప్పుడది సైన్సు క్విజ్జే గానీ ఇంగ్లీషు పాఠం కాదు. చీటీ కింద పెట్టాలంటే వాక్యం చెప్పి తీరాలి. బోర్డు మీద రెండు వాక్యాలు రాసి ఉంచుతాను: ‘ఇట్ వాజ్ ఆల్రెడీ దేర్, సో సంబడీ డిస్కవర్డ్ ఇట్’, ‘ఇట్ వాజ్ నాట్ దేర్ బిఫోర్, సో సంబడీ ఇన్వెంటెడ్ ఇట్’. బెంచీలో మూడో పిల్ల రిఫరీ. వాక్యం లేకుండా చీటీ పడితే వెనక్కి తీస్తుంది. అయిదు నిమిషాలకోసారి రిఫరీ మారాలి, లేకపోతే బాగా వచ్చిన పిల్లే చివరిదాకా పెత్తనం చేస్తుంది.

రెండో పీరియడ్ పాసివ్ వాయిస్. ‘బెల్ చేత టెలిఫోన్ కనిపెట్టబడింది’ అని తెలుగు ఇళ్లలో ఎవరూ అనరు. ఆ ‘బడు’ను పట్టుకుని నేర్పితే పాసివ్ అనేది పరీక్షలో మాత్రమే బతికే వింత జంతువు అయిపోతుంది. మనం అనేది ‘టెలిఫోన్‌ని బెల్ కనిపెట్టాడు’ అని. వస్తువు ముందుకొచ్చినా ‘ని’ ఉంది కాబట్టి ఎవరు ఎవర్ని కనిపెట్టారో తెలుస్తుంది. ఇంగ్లీషులో ‘ని’ లేదు. అక్కడ ముందు నిలబడ్డవాడే పని చేసినవాడు. అందుకే పిల్లలు తెలుగు వరుసలో ‘టెలిఫోన్ ఇన్వెంటెడ్ బెల్’ అని రాస్తే టెలిఫోనే బెల్‌ని తయారుచేసినట్టు అవుతుంది. ఇలా చెప్పాక క్లాసు నవ్వుతుంది, ‘వాజ్ ఇన్వెంటెడ్ బై’లో ‘వాజ్’ ఎందుకు కావాలో అడగడం మానేస్తుంది.

దీనికి వాడేది ఏ కాగితం, బి కాగితం. ఎనిమిది వస్తువులు, ఒక్కోదానికీ ఎవరు, ఎప్పుడు అనే రెండు గళ్లు. ఏ దగ్గర ఉన్నది బి దగ్గర ఖాళీ, బి దగ్గర ఉన్నది ఏ దగ్గర ఖాళీ. నా కాగితంలో ఉండేవి: బ్యాటరీ, వోల్టా, 1800, స్టెతస్కోప్, లెనెక్, 1816, సేఫ్టీ పిన్, హంట్, 1849, డైనమైట్, నోబెల్, 1867, టెలిఫోన్, బెల్, 1876, ఫోనోగ్రాఫ్, ఎడిసన్, 1877, కారు అద్దం వైపర్, మేరీ ఆండర్సన్, 1903, వరల్డ్ వైడ్ వెబ్, టిమ్ బెర్నర్స్-లీ, 1989. బల్బు, రేడియో పెట్టను. బల్బు మీద ఎడిసన్ కంటే ముందూ, ఆయనతో పాటూ పనిచేసినవాళ్లు చాలామంది, ఇంగ్లండులో స్వాన్ ఒకడు. రేడియో అనగానే మార్కోనీ, జగదీశ్ చంద్ర బోస్ వాదన లేస్తుంది. అవి డిబేట్ రోజుకి బంగారం, ఖాళీలు నింపే రోజుకి ముల్లు.

ప్రశ్నలు రెండే: ‘హూ ఇన్వెంటెడ్ ది స్టెతస్కోప్?’, ‘వెన్ వాజ్ ఇట్ ఇన్వెంటెడ్?’ గైడ్లలో కనిపించే ‘బై హూమ్ వాజ్ ఇట్ ఇన్వెంటెడ్’ జోలికి పోను. అలా మాట్లాడేవాళ్లని వెతికి పట్టుకోవాలి. పేర్లకు ‘హౌ డు యూ స్పెల్ ఇట్?’ తప్పనిసరి. బెల్, హంట్ సులువు. లెనెక్ దగ్గర మూడు నిమిషాలు పోతాయి, పోనివ్వండి, అక్షరాలు చెప్పి రాయించుకోవడం బ్యాంకులోనూ ఫోన్లోనూ పనికొచ్చే విద్య.

ఇక్కడ తప్పేవి రెండు. ఒకటి, కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి రాసేసుకోవడం. ఏ, బి ఒకరికొకరు వీపు తిప్పి కూర్చోవాలి, మధ్యలో రిఫరీ. రెండోది సంవత్సరాలు. పిల్లలు 1876ని ‘వన్ థౌజండ్ ఎయిట్ హండ్రెడ్...’ అని మొదలుపెడతారు. రెండేసి అంకెలుగా విడగొట్టి ‘ఎయిటీన్ సెవెంటీ సిక్స్’ అనాలని ముందే అలవాటు చేయాలి. 1800 అయితే ‘ఎయిటీన్ హండ్రెడ్’, 1903 అయితే ‘నైన్‌టీన్ ఓ త్రీ’. స్టెతస్కోప్ సంవత్సరం ప్రతి క్లాసులోనూ మూడు నాలుగు బెంచీల్లో 1860 అయి కూర్చుంటుంది. సిక్స్‌టీన్‌లో ఒత్తు (స్ట్రెస్, అంటే నొక్కి పలకడం) ‘టీన్’ మీద పడకపోతే అది సిక్స్‌టీలాగే వినిపిస్తుంది. తెలుగులో ఒత్తు మారితే అర్థం మారదు కాబట్టి చెవి దాన్ని పట్టించుకోదు. ఆ ఒక్క తప్పు కోసమే 1816ని కాగితంలో ఉంచుతాను.

మూడో పీరియడ్ చెప్పుకో చూద్దాం ఆట. చీటీలో కుక్కర్ విజిల్, బోరు మోటారు స్టార్టర్, సెట్ టాప్ బాక్స్, ఏటీఎం లాంటివి ఉంటాయి. పేరు చెప్పకుండా, చేతులు ఊపకుండా వర్ణించాలి. తెలుగులో ‘కూరగాయలు కోసే కత్తి’ అని విశేషణం ముందొస్తుంది, ఇంగ్లీషులో వస్తువు ముందు, వివరం తర్వాత: ‘ఎ థింగ్ విచ్ కట్స్ వెజిటబుల్స్’. ఈ తిరగేత అలవాటు కావడానికి పది చీటీలు చాలు. ‘ఇట్ ఈజ్ యూజ్డ్ టు కట్’ ముందు నేర్పండి, ‘కోయడానికి’తో నేరుగా కలుస్తుంది. ‘యూజ్డ్ ఫర్ కటింగ్’ వారం తర్వాత. రెండూ ఒకేరోజు ఇస్తే ‘యూజ్డ్ ఫర్ కట్’ పుడుతుంది, దాన్ని వదిలించడానికి నెల పడుతుంది. పాఠ్యపుస్తకంలో లేని ఒక చీటీ తప్పక పెడతాను: చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం. పోచంపల్లి చీరకు రంగులద్దేముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పనిని చేతుల నుంచి తీసుకున్న యంత్రమది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు అనే మాటకు ఇంగ్లీషు లేదు, బట్టీ పట్టిన వాక్యమూ లేదు. ‘ఎ మెషీన్ విచ్ విండ్స్ థ్రెడ్’ దాకా సొంతంగా రావలసిందే. నేత ఊళ్ల పిల్లలు దీంట్లో మిగతావాళ్లని దాటిపోతారు.

నాలుగో పీరియడ్ కాగితం హెలికాప్టర్. ఆరింటిలో నాకు బాగా నచ్చినది ఇదే, ఎందుకంటే ఇక్కడ మార్కులు వేసేది టీచర్ కాదు, గాలి.

ఒక ఏ4 కాగితం నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పు, 21 సెంటీమీటర్ల పొడవు ఉన్న పట్టీలు అయిదు వస్తాయి. 14 బెంచీలకు మూడు కాగితాలు సరిపోవాలి, నేను ఆరు తీసుకెళ్తాను, సగం చిరుగుతాయి. బెంచీకి ఒక జెమ్ క్లిప్పు, ఒక స్కేలు. కత్తెరలు అయిదింటిని బెంచీలన్నిటికీ తిప్పితే ఎనిమిది నిమిషాలు మంటగలుస్తాయి. గోటితో గీత నొక్కి, స్కేలు ఆనించి చింపడం మేలు.

ఒకరు సూచనలు చదువుతారు, ఒకరు సూచనల కాగితాన్ని చూడకుండా విని చేస్తారు, ఒకరు రిఫరీ. చేసేది ఇది. పైనుంచి మధ్యలో 9 సెంటీమీటర్లు నిలువుగా చింపాలి, అవి రెండు రెక్కలు. ఆ చీలిక కింద ఒక సెంటీమీటరు వదిలి, రెండు అంచుల నుంచీ లోపలికి ఒకటిన్నర సెంటీమీటర్ల చొప్పున చింపాలి, మధ్యలో 2 సెంటీమీటర్లు మిగులుతుంది. కింది భాగంలో రెండు పక్కలనూ లోపలికి మడిస్తే కాడ అవుతుంది. కాడ అడుగును 2 సెంటీమీటర్లు పైకి మడిచి క్లిప్పు పెట్టాలి. చివరి వాక్యమే ప్రాణం: ‘ఫోల్డ్ వన్ వింగ్ టువర్డ్స్ యూ అండ్ ది అదర్ అవే ఫ్రమ్ యూ’. ఒక రెక్క మన వైపు, రెండోది అవతలికి. ‘అవే’ వినిపించుకోని బెంచీలో రెండు రెక్కలూ ఒకే వైపు మడుస్తారు, హెలికాప్టర్ తిరగకుండా ముక్కు వాల్చి పడుతుంది. విన్నది తప్పని వాళ్లకే తెలుస్తుంది, ఎర్ర ఇంకు అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఖాళీ కాగితం చేతికిచ్చి నాలుగు నిమిషాలు అయిదు మాటలు ఆడించండి: ఎడ్జ్, హాఫ్‌వే, ఇన్‌వర్డ్స్, టువర్డ్స్, అవే ఫ్రమ్. ఇది దాటేస్తే తర్వాత పదిహేను నిమిషాలు ‘సార్, ఇన్‌వర్డ్స్ అంటే?’తో పోతాయి. వదిలేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, ఇది చాలామంది మర్చిపోతారు. బెంచీ ఎక్కనివ్వక్కర్లేదు, చెయ్యెత్తి వదిలితే చాలు. క్లిప్పు లేకపోతే కాగితం అల్లల్లాడుతుంది, మూడు క్లిప్పులు పెడితే మరీ వేగంగా నేల చేరుతుంది.

అయిదో పీరియడ్‌లో అదే పనిని రాయించాలి. ‘ది పేపర్ వాజ్ టోర్న్. ది వింగ్స్ వర్ ఫోల్డెడ్.’ ప్రతి వాక్యం చివరా ‘బై మీ’ తగిలిస్తారు. చేసిందెవరో ముఖ్యం కాని చోటే ఈ రాత పుడుతుందని చెప్పి, ‘బై’లన్నీ వాళ్లచేతే కొట్టేయిస్తాను. చదివించేటప్పుడు ఫోల్డెడ్‌లో చివరి ‘ఎడ్’ పలకాలి, డ్రాప్‌కి మాత్రం డ్రాప్ట్ అనాలి, ‘డ్రాప్పెడ్’ కాదు. తర్వాత ఇఫ్ వాక్యాలు: రెక్కలు తారుమారు చేస్తే ఏమవుతుంది? ‘ఇఫ్ యూ స్వాప్ ది వింగ్స్, ఇట్ స్పిన్స్ ది అదర్ వే.’ ముందు రాయాలి, తర్వాత వదిలి చూడాలి. వరుస తిరగబడితే చూసి రాసిన వర్ణన అవుతుంది, ఊహ కాదు. ఆగస్టు 23 దగ్గర్లో ఉంటే ఈ పీరియడ్ స్థానంలో చంద్రయాన్-3 పట్టీలు వాడొచ్చు: 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి ప్రయోగం, ఆగస్టు 5న చంద్రుడి కక్ష్యలోకి, 17న ల్యాండర్ విడిపోవడం, 23 సాయంత్రం దిగడం. పట్టీలు కలిపేసి, తారీఖులు చెప్పుకుంటూ వరుసలో నిలబెట్టించాలి.

ఆరోది అనువాద యంత్రాన్ని దిద్దడం. ఫోన్‌లో అప్పటికప్పుడు చేయొద్దు, సిగ్నల్ లేకపోతే పీరియడ్ గల్లంతు, పైగా అదే వాక్యానికి ఈ నెల వచ్చిన జవాబు వచ్చే నెల రాకపోవచ్చు. ముందురోజే ఆరు తెలుగు వాక్యాలు వేసి, వచ్చిన ఇంగ్లీషును తారీఖుతో సహా ప్రింటు తీసుకుంటాను. బెంచీకి ఒక ప్రింటు, దిద్దిన ప్రతి చోటా కారణం ఇంగ్లీషులో ఒక వాక్యం. వాక్యాలు ఎలా ఎంచుకోవాలన్నదే ఇక్కడి కిటుకు. కర్త లేని వాక్యాలు వేయాలి: ‘1928లో పెనిసిలిన్‌ని కనిపెట్టారు’. కనిపెట్టింది ఒకరా, చాలామందా, మర్యాదకు అన్నామా అన్నది తెలుగు చెప్పదు, పాసివ్ వాడకపోతే ఇంగ్లీషు చెప్పక తప్పదు. దాని పక్కనే ‘నేను ఫోన్ దాచిన చోటు అమ్మ కనిపెట్టేసింది’, ‘నేనొచ్చేదాకా ఇల్లు కనిపెట్టుకుని ఉండు’ కూడా. మొదటి పీరియడ్‌లో రెండుగా చీల్చిన మాటకు ఇక్కడ ఫైండ్ అవుట్, వాచ్ అని ఇంకో రెండు ముక్కలు వస్తాయి. యంత్రం వాటిలో ఏది తప్పినా, ఏదీ తప్పకపోయినా పని ఆగదు. ఏదీ తప్పకపోతే అది ఏ మాటను చూసి సరిగ్గా పట్టుకుందో గీత గీయమంటాను. పాత ప్రింట్లు పారేయకండి, మరుసటి ఏడు పిల్లలకు రెండు తారీఖుల జవాబులు పక్కపక్కన పెట్టి ఇవ్వొచ్చు.