రేజర్‌కు ఏ స్టీలు? బాలానగర్‌లో నా అనుభవం

సొంతంగా సేఫ్టీ రేజర్ తయారు చేద్దామనుకుంటున్నానని చెప్పగానే మెకానికల్ చదివిన మిత్రుడు ఒకటే మాట అన్నాడు: "440సీ వాడరా, కత్తులకు అదే వాడతారు." గట్టి స్టీలంటే మంచి స్టీలని మనలో చాలామందికి ఒక లెక్క. కానీ రేజర్‌లో గడ్డం గీసేది బ్లేడు. 0.1 మిల్లీమీటరు మందం, 22 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే ఆ రేకును సుమారు 13 శాతం క్రోమియం, 0.65 శాతం దాకా కార్బన్ ఉన్న స్టీలుతో చేసి, వేడి చేసి గట్టిపరుస్తారు. పదును పోయాక పారేస్తాం. మిగతా రేజర్ పనల్లా ఆ బ్లేడును వంచి, కదలకుండా, అంచు ఎంత బయటికి రావాలో అంతే వచ్చేలా పట్టుకోవడం. ఆ పనికి కావలసింది పదును నిలిచే గుణం కాదు. తడిలో ఏళ్ల తరబడి తుప్పు పట్టకూడదు, గీసిన డ్రాయింగ్ ప్రకారం మిల్లింగ్‌లో కొలత తప్పకుండా రావాలి. 440సీలో కార్బన్ ఒక శాతం దగ్గర ఉంటుంది. క్రోమియంలో కొంత ఆ కార్బన్‌తోనే కలిసిపోతుంది కాబట్టి తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. పైగా హీట్ ట్రీట్‌మెంట్‌లో కొలతలు కదులుతాయి. దాన్ని మొదటే పక్కన పెట్టేశాను.

అసలు స్టెయిన్‌లెస్ స్టీలే ఎందుకని అడిగినవాళ్లూ ఉన్నారు. బజారులో దొరికే రేజర్లలో చాలావాటి తల జమాక్‌తో పోత పోసినది. అది 4 శాతం అల్యూమినియం కలిపిన జింకు, పైన క్రోమ్ పూత. పూత బాగున్నంత కాలం బ్రహ్మాండంగా ఉంటుంది. ఎక్కడో ఒకచోట పెచ్చు లేచిందంటే లోపలి జింకు తినేయడం మొదలవుతుంది, ఇక దాన్ని బాగుచేయలేం. నాన్నగారి తరం నుంచి మనవడి దాకా వాడుకోగలిగే వస్తువు చేయాలన్నది నా కోరిక. దానికి పూత అక్కర్లేని లోహం కావాలి.

మిగిలినవి స్టెయిన్‌లెస్‌లోని మూడు గ్రేడ్లు: 303, 304, 316ఎల్. ఇక్కడే ఎక్కువ రోజులు ఆగిపోయాను.

హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమల షెడ్లుండే బాలానగర్‌లో నాకు లేత్ పని చేసిపెట్టే టర్నర్ అన్న, అక్కడి టూల్ డిజైన్ శిక్షణ సంస్థ సీఐటీడీలో కోర్సు చేసి, ఇరవై ఏళ్లకు పైగా మెషిన్ల మీదే ఉన్న మనిషి. ఆయన ఓటు 303కే. "సార్, 303 అయితే చిప్పు పొడిపొడిగా రాలిపోతది. 316 జిగట. చిప్పు తెగదు, టూల్‌కు చుట్టుకుంటది. టూల్ ఒక్క క్షణం ఆగి రుద్దిందంటే ఆడ గట్టిపడి కూర్చుంటది" అన్నాడు. చిప్పంటే కోతలో లేచే లోహపు తునక. ఆయన మాట అక్షరాలా నిజం. 303లో కనీసం 0.15 శాతం గంధకం కలుపుతారు. అది మాంగనీస్‌తో కలిసి సన్నని గీతల్లా లోహమంతా పరుచుకుని ఉంటుంది. చిప్పు విరిగేది ఆ గీతల దగ్గరే. కానీ తుప్పు గుంట మొదలయ్యేదీ అక్కడే! అద్దంలా పాలిష్ చేస్తే చారలుగా కనిపించేదీ ఆ గీతలే. పిడికి మాత్రం 303 వాడదామా అనీ ఆలోచించాను. నర్లింగ్, అంటే పట్టు జారకుండా చెక్కే గరుకు గళ్లు, చక్కగా వస్తుంది, మరలూ పట్టేయవు. అయితే గంధకం ఉన్న గ్రేడ్లను పాసివేట్ చేయడానికి, అంటే తుప్పును ఆపే పై పొర బాగా ఏర్పడేలా యాసిడ్‌తో శుభ్రం చేయడానికి, నైట్రిక్ యాసిడ్‌లో సోడియం డైక్రోమేట్ కలిపే పద్ధతి ఉంది. డైక్రోమేట్ విషం. చిన్న షెడ్డులో, పనివాళ్ల చేతుల మధ్య అలాంటిది పెట్టడం నాకు ఇష్టం లేదు. దాంతో 303 సంగతి ముగిసింది.

ఇక 304 చాలదా? చాలామంది తయారీదారులు వాడతారు, చెడ్డదేం కాదు. దానిలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. 316లో క్రోమియం, నికెల్‌తోపాటు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. ఉప్పు నీళ్లలో గుంటలు పడకుండా కాపాడేది అదే. మామూలు ఉష్ణోగ్రతలో లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరైడు దాకా 304, సుమారు 1000 దాకా 316 వాడవచ్చన్నది ఇంజినీర్లు పాటించే లెక్క. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో క్లోరైడుకు హద్దు 250, వేరే నీళ్లు దొరక్కపోతే 1000 దాకా ఒప్పుకుంటారు. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లే 304 హద్దు దాటవచ్చు. కుళాయిలో మంజీరా నది నీళ్లు వచ్చే ఇంట్లో బెంగ లేదు. ఎండాకాలంలో బోరు, ట్యాంకరు నీళ్లు కలిపి పంపే అపార్ట్‌మెంట్ల మాట వేరు. బ్లేడు కింద చిక్కుకున్న చుక్క ఆరేకొద్దీ దానిలోని ఉప్పు చిక్కబడుతుంది, కాబట్టి అక్కడ పరిస్థితి కుళాయి నీళ్లకన్నా కఠినం. నా ఓటు 316కే పడింది.

గ్రేడు పేరు చివర 'ఎల్' గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు. కార్బన్ 0.03 శాతానికి మించదని దాని అర్థం. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన తుప్పు పట్టకుండా ఉండడానికే ముఖ్యంగా ఆ జాగ్రత్త. రేజర్‌లో వెల్డింగే లేదు. బజారులో ఎక్కువగా 316, 316ఎల్ రెండింటికీ సరిపోయే రాడ్డే దొరుకుతుంది కాబట్టి అదే తీసుకున్నాను.

గ్రేడు తేల్చుకోవడం సగం పనే. అసలు టెన్షన్ రాడ్డు కొనడంలో ఉంది. ఒక దుకాణంలో 316 అని బిల్లు రాసి ఇచ్చిన రాడ్డు ముక్కను ల్యాబులో ఎక్స్ఆర్ఎఫ్ గన్‌తో (ఎక్స్‌రేలతో లోహంలో ఏమేం ఉన్నాయో చూపే పరికరం) చూపిస్తే మాలిబ్డినం లేదు, నికెల్ 8 శాతం దగ్గర ఉంది. అంటే 304. ఇంకా నయం, 202 అంటగట్టలేదు. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు. చూడ్డానికి అచ్చం 304లాగే మెరుస్తుంది. అయస్కాంతం పెట్టి చూస్తే సరిపోతుందని దుకాణాల్లో చెబుతారు, నమ్మొద్దు. 202, 304, 316 మూడూ మామూలు స్థితిలో అయస్కాంతానికి అంటుకోవు. అంటుకోలేదంటే 316 అని రుజువైనట్టు కాదు. బ్యాటరీతో చేసే మాలిబ్డినం చుక్క పరీక్ష కొంత నయం. ఎక్స్ఆర్ఎఫ్ ఇంకా నమ్మకం, కాకపోతే అది కార్బన్‌ను చూడలేదు. కార్బన్ కూడా తెలియాలంటే స్పార్క్ స్పెక్ట్రోమీటర్ పరీక్ష చేయించాలి. ఇప్పుడు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఎవరి దగ్గర కొన్నా స్టీలు మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్ అడుగుతాను, దానిలోని హీట్ నంబరు (ఆ స్టీలు కరిగించిన విడత నంబరు) రాడ్డు చివర ఉందో లేదో చూస్తాను, ఒక ముక్క ల్యాబుకు పంపి ఫలితం వచ్చాకే మిగతాది కోయిస్తాను. దుకాణదారు చికాకు పడినా సరే.

మెషినింగ్‌లో టర్నర్ అన్న చెప్పిన కష్టాలన్నీ వచ్చాయి. పదునైన కార్బైడ్ కోత ముక్క (ఇన్సర్ట్), ఎక్కడా ఆగకుండా టూల్ ముందుకు కదలడం (ఫీడ్), ధారాళంగా కూలెంట్ పెట్టాక దారికొచ్చింది. మరల దగ్గర ఇంకో చిక్కు. తలకూ పిడికీ ఎం5 (5 మిల్లీమీటర్ల) మర, రెండూ 316. ట్రయల్ ముక్కను షెడ్డులో కుర్రాడు ప్లయర్‌తో బిగించేసరికి మర పట్టేసి, చివరికి కోసి తీయాల్సొచ్చింది. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ గట్టిగా ఒరుసుకుంటే పై పొర చిరిగి ఒకదానికొకటి అతుక్కుంటుంది. మరకు కాస్త వదులు ఇచ్చి, కోతలో అంచున మిగిలే గరుకు (బర్) పూర్తిగా తీసి, చుక్క సిలికాన్ గ్రీజు పెట్టాక మళ్లీ ఆ సమస్య రాలేదు. రేజర్‌ను వేళ్లతో బిగించాలి తప్ప పనిముట్లతో కాదు.

బరువు లెక్క త్వరగానే తేలింది. 12 మిల్లీమీటర్ల రాడ్డు 85 మిల్లీమీటర్ల పొడవుకు 77 గ్రాములు తూగుతుంది. తల బరువు కలిపితే చేతికి మోత. అందుకే పిడి లోపల బోలు చేయించాను.

అందరూ దాటేసే పని పాలిషింగ్ తర్వాతిది. బాలానగర్ షెడ్లలో ఎంఎస్, అంటే మామూలు మైల్డ్ స్టీలు, ముక్కలు బఫ్ చేసిన పాలిష్ చక్రం మీదే స్టెయిన్‌లెస్ కూడా పెట్టేస్తారు. ఆ ఇనుము రవ్వలు పైన అతుక్కుని, నాలుగు రోజులకు ఎర్రచుక్కలు తేలతాయి. స్టీలు మీద నింద పడుతుంది. నా పనికి కొత్త చక్రాలు కొనిచ్చాను. పాలిష్ అయ్యాక జిడ్డు పోయేలా కడిగి, సిట్రిక్ యాసిడ్‌లో, అదే మన నిమ్మ ఉప్పు, పాసివేట్ చేస్తాం. దీనికున్న ప్రమాణం ఏఎస్‌టీఎం ఏ967 ప్రకారం 4 నుంచి 10 శాతం ద్రావణం, 21 నుంచి 49 డిగ్రీల వేడి, కనీసం 20 నిమిషాలు. హైదరాబాద్‌లో చాలా నెలలు వేడి చేసే పనే ఉండదు. ప్రతి బ్యాచ్ నుంచి ఒక వృథా ముక్క మీద ఆమ్లం కలిపిన మైలుతుత్తం ద్రావణం వేసి ఆరు నిమిషాలు తడిగా ఉంచి చూస్తాను. రాగి రంగు మచ్చ తేలితే ఇనుము ఇంకా మిగిలిందని లెక్క, బ్యాచ్ మొత్తం మళ్లీ కడగాల్సిందే.

వాడుతున్న మిత్రుల్లో ఒకాయన రేజర్ మీద ఎర్ర మరక వచ్చిందని ఫోన్ చేశారు. తెప్పించి చూస్తే అది బ్లేడు తుప్పు. తడి బ్లేడును అలాగే బిగించి వదిలేస్తే ముందు తుప్పు పట్టేది అదే, దాని మరక తలకు అంటుకుంటుంది. నిమ్మ ఉప్పు నీళ్లలో కాసేపు నానబెడితే పోయింది. కింద గుంట ఒక్కటీ లేదు.