డబ్బా ఎంతుందని కాదు, గ్రాము ఎంతని చూడండి

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పార్లర్‌కు ఎప్పుడూ వచ్చే ఒకమ్మాయి మొన్న ఖాళీ నైట్ క్రీమ్ డబ్బా పట్టుకొచ్చింది. "ఇంత పెద్ద డబ్బ నెల కూడ రాలే అక్కా. నేనే ఎక్కువ రాస్తున్ననా?" అంది. ఇంట్లో కూడా దుబారా అని అన్నారట. నాకు ఒళ్లు మండిపోయింది.

చెంచా కాడతో అంచు దగ్గర పైకెత్తితే లోపలి తెల్ల గిన్నె ఊడి వచ్చింది. దానికీ బయటి గోడకూ మధ్య చుట్టూ నా చిటికెన వేలు దూరేంత ఖాళీ. అడుగు కూడా లోపలికి గుంటే, ఎత్తయిన మూతంతా డొల్లే. డబ్బా మీద మాత్రం 50 గ్రాములని ఉంది. బరువులో మోసం లేదు. కానీ చిన్న అక్షరాల్లో నిజం రాసి, చేతికి మాత్రం అబద్ధం చెప్పడం నా దృష్టిలో మోసమే.

పంపు సీసాల సంగతి వేరు, లోపల పంపుకు చోటు కావాలి. లిప్‌స్టిక్‌కూ తిప్పే మర ఉండాలి. క్రీమ్ డబ్బాకు రెండు గోడలు ఎందుకు?

ప్యాక్ చేసి అమ్మే సరుకులకు వర్తించే 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలకు 2021లో సవరణ చేసి, ఎంఆర్‌పీతో పాటు యూనిట్ ధర కూడా వేయాలన్నారు. కిలోలోపు సరుకైతే గ్రాముకు, లీటరులోపైతే మిల్లీలీటరుకు ఎంతో ఉంటుంది. బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా సామాను తీసుకునేటప్పుడు నేను ముందు చూసేది అదే. 450 రూపాయలకు 50 గ్రాములంటే గ్రాము 9. పక్కనే అంతకన్నా పెద్దగా కనిపించే డబ్బాలో 30 గ్రాములే, 360 రూపాయలు. అంటే గ్రాము 12! ఇక కాటుక పెన్సిళ్లు చూడండి, చాలావాటిలో ఉండేది 0.35 గ్రాములే. 210 పెట్టి కొంటే గ్రాముకు 600 పడుతుంది.

రాసినదానికన్నా సరుకే తక్కువుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి, తూనికలు కొలతల శాఖ కూడా ఉన్నది అందుకే. బిల్లు, డబ్బా పారేయకండి.

మా షాపులో అమ్మే ప్రతి డబ్బా మూత మీద ఇప్పుడు గ్రాము ధర మార్కర్‌తో పెద్దగా రాస్తున్నాను. "అట్ల రాస్తే ఎవరు కొంటరు మేడమ్?" అన్నాడు సరుకు వేసే అబ్బాయి. ఆ అమ్మాయి కొంది, 9 రూపాయలది.