ఆల్బమ్ ల్యాబ్ సర్వర్‌లోకి ఎవరిని రానివ్వాలి

హనుమకొండలోని ఒక ఆల్బమ్ ల్యాబ్‌కు నేను సర్వర్ పనులు చూస్తుంటాను. పరకాల, నర్సంపేట, జనగామ వైపు స్టూడియోల వారు పెళ్లి ఆల్బమ్ షీట్లను ఎఫ్‌టీపీలోనే (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే పాత పద్ధతి) పంపుతారు. అయితే అదే యంత్రంలో బిల్లింగ్‌కు, బ్యాకప్‌కు, ఆపరేటర్లకు కూడా ఖాతాలు ఉన్నాయి. వీఎస్‌ఎఫ్‌టీపీడీ అనే ఎఫ్‌టీపీ సర్వర్ ప్రోగ్రామ్‌లో లోకల్_ఎనేబుల్ అనే సెట్టింగ్‌కు ‘ఎస్’ (YES) అని ఇస్తే, పాస్‌వర్డ్ ఉన్న ఆ ఖాతాలన్నిటికీ దాదాపుగా తలుపు తెరిచినట్టే. నిషేధించవలసిన పేర్లు రాసుకుంటూ పోతే, రేపు సృష్టించే ప్రతి కొత్త ఖాతానూ గుర్తుంచుకొని అందులో చేర్చవలసి వస్తుంది; కాబట్టి అనుమతించిన పేర్లనే రాసిపెట్టడం మేలు.

ఇందుకు యూజర్‌లిస్ట్_ఎనేబుల్‌కు ‘ఎస్’ అని, యూజర్‌లిస్ట్_డినైకి ‘నో’ అని రాసి, జాబితా ఫైలులో వరుసకు ఒక పేరు చొప్పున ఇవ్వాలి. ఈ సెట్టింగులలో రెండవదే అసలు కీలకం. అది రాయకపోతే డిఫాల్టుగా ‘ఎస్’ అనే అర్థం కనుక, జాబితాలో మనం ముచ్చటగా చేర్చిన స్టూడియోలే బయట ఆగిపోతాయి, మిగిలిన వారందరూ లోపలికి వస్తారు.

“అన్నా, లాగిన్ అయితలేదే” అని ఫోన్ వచ్చినప్పుడు, తెర మీద ఏమి కనిపిస్తున్నదో చదివి వినిపించమంటాను. పాస్‌వర్డ్ అడగకుండానే ‘530 పర్మిషన్ డినైడ్’ అని వస్తే జాబితాలో ఆ పేరు లేదని అర్థం; ‘530 లాగిన్ ఇన్‌కరెక్ట్’ అని వస్తే పేరు ఆ గడప దాటింది, పాస్‌వర్డ్ దగ్గరనో, పామ్ (లినక్స్‌లో లాగిన్లను పరీక్షించే వ్యవస్థ) తనిఖీలోనో ఆగింది. ఎఫ్‌టీపీయూజర్స్ అనే వేరొక నిషేధ ఫైలును పామ్ చూస్తుంది కాబట్టి, రెండింటిలోనూ పేరు ఉంటే ప్రవేశం దొరకదు. కమాండ్లు ఇచ్చే షెల్ వాడకుండా ‘నోలాగిన్’ అని పెట్టిన ఖాతాలు ఉబుంటు లినక్స్‌లో ఆగిపోవడానికి కూడా తరచుగా పామ్ తనిఖీయే కారణం.

పాస్‌వర్డ్ అడగకముందే తిరస్కరించడంలో లాభం ఉంది: జాబితాలో లేని వారి పాస్‌వర్డ్ సాదా అక్షరాలలో నెట్‌వర్క్ మీదికి వెళ్లదు. అయితే ఏ పేర్లకు అనుమతి ఉన్నదో బయటివారు పసిగట్టడానికీ అదే తేడా దారి ఇస్తుంది, కనుక స్టూడియో పేరునే యూజర్‌నేమ్‌గా పెట్టడం నాకు ఇష్టం ఉండదు. జాబితా పేరును మాత్రమే చూస్తుంది. అనుమతి ఉన్నవారి పాస్‌వర్డ్ మాత్రం టీఎల్ఎస్ అనే గుప్తీకరణ లేకపోతే సాదాగానే ప్రయాణిస్తుంది.

కొత్తగా పెట్టేవారికి నేను ఎస్‌ఎఫ్‌టీపీనే (ఎస్ఎస్‌హెచ్ అనే గుప్త లాగిన్ దారిలో ఫైళ్లు పంపే పద్ధతి) సూచిస్తాను. అక్కడ ఎస్ఎస్‌హెచ్ సర్వర్ అయిన ఎస్ఎస్‌హెచ్‌డీ సెట్టింగులలో అలౌయూజర్స్ అనే వరుస ఇదే పని చేస్తుంది. కానీ ఎస్ఎస్‌హెచ్ ప్రవేశమంతటికీ అది వర్తిస్తుంది కాబట్టి, స్టూడియోల పేర్లతో పాటు నిర్వాహకుడి పేరు కూడా అందులో ఉండాలి. సర్వీసును రీలోడ్ చేశాక, పాత సెషన్‌ను మూయకుండానే మరొక విండోలో లాగిన్ అయి చూసుకోవాలి.