చిల్లకంప ముళ్లు, టైర్లో పాలు

శివరాత్రి సెలవుల్లో నేనూ మా తమ్ముడూ నెల్లూరు నుంచి ఉదయగిరికి సైకిళ్ల మీద బయల్దేరాం. పెన్న వంతెన దాటి కోవూరు చేరేసరికి ఇంకా చీకటే. బుచ్చిలో ఎర్రకారం దోసెలు తిన్నాం. సంగంలో కాస్త పక్కకి తిరిగి, 2022లో తెరిచిన బ్యారేజీ దగ్గర పది నిమిషాలు నీళ్లు చూస్తూ నిలబడి, కలిగిరి రోడ్డు పట్టాం.

అక్కడి నుంచి వరిచేలు పల్చబడి మెట్ట మొదలవుతుంది. మెట్టంటే చిల్లకంపే, అదే సర్కారు తుమ్మ. 1870ల్లో బయటి దేశాల నుంచి తెచ్చి నాటిన చెట్టు ఈ నేలని అల్లుకుపోయింది. బొగ్గుల బట్టీలకి కంప కొట్టి ట్రాక్టర్లో తోలుకుపోతుంటే రాలిన ముళ్లన్నీ రోడ్డు వారనే ఉంటాయి. మేం ట్యూబ్‌లెస్ టైర్లకి మారింది వీటికి భయపడే. వాటిలో ట్యూబు ఉండదు; చిల్లు పడితే మూసుకోడానికి లోపల సీలెంటు పాలు పోస్తాం.

కలిగిరి ఇంకా రాకముందే నా వెనక టైరు బుస్సుమంది. అంగుళం ముల్లు. గాలి పట్టి ఉంటే ముల్లుని అలాగే వదిలేసి పోవడం మేలు, కానీ దీని చుట్టూ బుడగలు లేస్తున్నాయి. లాగేశాను. తెల్లటి చుక్కలు నాలుగు పిక్క మీద చిమ్మాయి, అమ్మోనియా వాసన గుప్పుమంది. ఈ పాలు ప్రధానంగా రబ్బరు పాలే. చిల్లు పడగానే గాలి వాటిని బయటికి తోస్తుంది. పాలలో కలిసిన సన్న పీచులూ నలకలూ చిల్లులో ఇరుక్కుంటాయి, వాటి చుట్టూ రబ్బరు గడ్డకట్టి దారి మూస్తుంది. అందుకే చిల్లుని కిందికి తిప్పి, పాలు అక్కడికి చేరేలా కాసేపు ఉంచాలి.

ఉంచాను. ఆగలేదు. చక్రం విప్పి చెవి దగ్గర ఊపి చూస్తే లోపల చప్పుడే లేదు. దీపావళికి పోసిన పాలు, దాదాపు నాలుగు నెలల్లో ఎండిపోయాయి. మన ఎండలకి రెండు మూడు నెలలకోసారి చూసుకోవాలని తెలిసీ చూడలేదు.

ఆకురాయి లాంటి సూదితో చిల్లుని గరుకు చేసి, జిగురు స్ట్రిప్పు గుచ్చి, అర అంగుళం బయటికి వదిలేశాను. అక్కడ గాలి పోవడం ఆగింది. అయినా వింజమూరు చేరేసరికి టైరు మళ్లీ మెత్తబడింది.

ఊరి మొదట్లో వేపచెట్టు కింద పంచర్ల కొట్టు. పెద్దాయన చక్రాన్ని నీళ్ల తొట్టిలో తిప్పాడు. "నీ పుల్ల బాగానే ఉంది నైనా. వాల్వు మొదట్లో పోతా ఉండాది చూడు." నిజమే, సన్న బుడగలు. రిమ్ము లోపల ఆకుల (స్పోకుల) బోల్టుల చిల్లులు మూసే టేపు వాల్వు దగ్గర లేచిపోయింది. ట్యూబు లేనప్పుడు గాలిని ఆపేవి టైరు, రిమ్ము అంచు, టేపు, వాల్వు రబ్బరు. నాలుగిట్లో ఏది వదులైనా ముల్లే అక్కర్లేదు. నేను మాత్రం దారి పొడుగునా ముల్లునే తిట్టుకుంటూ వచ్చాను.

టైరు విప్పాం. లోపల ఎండిన మీగడలా ఒక పొర. నేను వేలు పోనిస్తుంటే, "చెయ్యి పెట్టబాక," అని ఆపి, ఆయనే పాత గుడ్డతో మెల్లగా తుడిచాడు. గుడ్డ తట్టుకున్న చోటల్లా ఒక ముల్లు మొన, దాని మీద ఆవగింజంత తెల్లటి టోపీ. కటింగ్ ప్లేయరుతో ఒక్కొక్కటే లాగి పేపరు మీద పెట్టాడు. ఏడు. ఏడు పంచర్లు పడితే ఒక్కటీ నాకు తెలియలేదు! "ఇవి తియ్యకుండా ట్యూబేసుంటే గంటలో కూర్చునేది," అన్నాడాయన.

రిమ్ము తుడిచి, పంపుకి చుట్టి తెచ్చుకున్న టేపు అతికించి, వాల్వు నట్టు చేత్తో బిగించాను. ఈ టైరు అంచు రిమ్ము గాడిలో కూర్చోవాలంటే గాలి ఒక్కసారిగా లోపలికి రావాలి. చేతిపంపుతో కాదు. వాల్వు పిన్ను తీసేసి, అంచులకి సబ్బునీళ్లు రాశాం. ఆయన దుమ్ము ఊదే గన్ను వాల్వుకి నొక్కిపట్టి కంప్రెసర్ వదిలాడు. టప్, టప్. రెండు అంచులూ కూర్చున్నాయి. ఆ చప్పుడు ఎన్నిసార్లు విన్నా నాకు సంతోషమే.

తెచ్చుకున్న సీసాలోంచి సగం, అంటే అరవై మిల్లీలీటర్లు, వాల్వులోంచే పోసి పిన్ను బిగించాను. సన్నవాల్వుకి ఇత్తడి అడాప్టర్ తొడిగితే ఆయన గొట్టం సరిపోయింది. "సైకిలంటే గట్టిగా కొట్టాల కదా?" అన్నాడు. "వద్దు పెద్దాయనా, వెడల్పు టైరు, 35 పాయింట్లు చాలు," అన్నాను. చక్రం తిప్పుతూ, ఆ పాలు ఎక్కడ దొరుకుతాయని రెండుసార్లు అడిగాడు.

దుత్తలూరు మీదుగా పొద్దుగూకే వేళకి ఉదయగిరి చేరాం. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కొండ ఎదురుగా నల్లగా నిలబడి ఉంది. చెక్క చెంచాలు చెక్కే కొట్లు మూసేస్తుంటే అమ్మకోసం రెండు గరిటెలు కొన్నాం.

పొద్దున్నే నా టైరు బొటనవేలితో నొక్కితే గట్టిగానే ఉంది. తమ్ముడి టైర్లలో దారిలో దేనికీ గాలి పోలేదు. అయినా వాటి వాల్వులు అడుగుకి తిప్పి, గాలి తీసి, పిన్నులు విప్పి, చీపురుపుల్ల లోపలికి పోనిచ్చాను. ముందు చక్రంలో పుల్ల తెల్లగా తడిసి వచ్చింది. వెనక చక్రంలో పొడిగా వచ్చింది. సీసాలో మిగిలిన సగం అందులో పోశాకే కొండ ఎక్కడానికి కదిలాం.