వేపచెట్టుకి వీపు

మన బడి గ్రౌండ్‌లో పల్లేరుకాయలు గుర్తున్నాయా? కరాటేలో హేయాన్ షోదాన్ అనగానే నాకు ముందు అవే గుర్తొస్తాయి. 1996లో నేను ఎనిమిదో తరగతి. ఎల్లో బెల్టు గ్రేడింగ్‌కి, అంటే బెల్టు ఇచ్చే పరీక్షకి, ఇంకా నెల ఉంది. రోజూ పొద్దున్నే ఐదున్నరకి చెప్పులు విడిచి నిలబడితే మాస్టారు "ఇచ్... ని... సాన్..." అని లెక్కపెట్టేవారు. కాల్లో ముల్లు దిగినా ఆగకూడదు.

హేయాన్ షోదాన్ అంటే షోటోకాన్ అనే కరాటే శైలిలో కొత్తవాళ్ళు నేర్చుకునే కటా. కటా అంటే గుద్దులూ అడ్డుకోవడాలూ ఒక వరసలో, ఎదురుగా ఎవరూ లేకుండా చెయ్యడం. 21 కదలికలు, రెండు కేకలు. తొమ్మిదో కదలికకి ఒకటి, పదిహేడో దానికి ఒకటి. కాళ్ళూ చేతులూ వారంలో దారికొచ్చాయి గానీ, ఎప్పుడు ఎటు తిరగాలో మాత్రం ఎవరికీ తలకెక్కలేదు. అందుకని గుర్తులు పెట్టుకున్నాం. ఎదురుగా వేపచెట్టు, ఎడమకి సైకిల్ స్టాండ్, కుడికి నీళ్ళ ట్యాంకు, వెనక హెడ్మాస్టరుగారి గది. "సైకిళ్ళవైపు గెదాన్ బరాయ్, ట్యాంకువైపు గెదాన్ బరాయ్, వేపచెట్టు మీదికి మూడు అగే ఉకేలు, మూడోదానికి కేక!" ఎక్కాల్లా బట్టీ పట్టాం. (గెదాన్ బరాయ్ అంటే కిందికొచ్చే దెబ్బని చేత్తో తోసెయ్యడం, అగే ఉకే అంటే మీదికొచ్చే దెబ్బని చెయ్యెత్తి ఆపడం.) రెండో కేక సరిగ్గా హెడ్మాస్టరుగారి గది మీదే పడేది. ఆ కేక మాత్రం ఎవరూ గొంతు తగ్గించి వేసేవాళ్ళు కాదు.

జపాన్‌లోని ఒకినావాలో ఇతోసు అంకో అనే గురువు ఈ కటాలను బడిపిల్లల కోసం కూర్చారని పెద్దయ్యాక చదివాను. ఆ పిల్లలు ఏ చెట్టును గుర్తు పెట్టుకున్నారో!

అమ్మ నా డ్రెస్సుకి గంజి పెట్టేది. గుద్దు వేస్తే చెయ్యి 'టప్'మనేది. అదంతా నా బలమే అనుకునేదాన్ని.

గ్రేడింగ్ ఊళ్ళో కల్యాణమండపంలో పెట్టారు. ముందురోజు పెళ్ళి తాలూకు బంతిరేకులు ఇంకా గచ్చు మీదే ఉన్నాయి. ఐదుగురం ఒక వరస. మొదటి కేక బ్రహ్మాండంగా వేశాను. ఆ తర్వాత ఎడమ భుజం మీదుగా ముప్పావు చుట్టు తిరిగి ట్యాంకువైపు రావాలి. ట్యాంకు ఏదీ? పావు చుట్టులోనే ఆగిపోయాను. చూస్తే ఎడమ పక్క అబ్బాయి నాకు ఎదురుగా ఉన్నాడు. పెళ్ళి మండపంలో, తలంబ్రాలకి కూర్చున్నవాళ్ళలా ముఖాముఖి! హాలంతా నవ్వింది, ఎగ్జామినర్ తప్ప.

"నువ్వొక్కదానివే మళ్ళీ చెయ్యి" అన్నారాయన.

ఈసారి ఆయన బల్లే వేపచెట్టు, భోజనాల హాలు తలుపు ట్యాంకు అనుకున్నాను. కటా మొదలైన చోటే ముగియాలి. నేను ఒక అడుగు ఇవతల తేలాను. అయినా బెల్టు ఇచ్చారు.

సోమవారం తిట్లు తప్పవనుకుంటూ గ్రౌండ్‌కి వెళ్ళాను. "తప్పు నాదేనమ్మా, నెలంతా ఒకవైపే నిలబెట్టాను" అన్నారు మాస్టారు. అందరినీ వెనక్కి తిప్పి, వేపచెట్టుకి వీపు పెట్టించి "ఇచ్" అన్నారు. సగంమందిమి సైకిళ్ళవైపు తిరిగాం, సగంమంది ట్యాంకువైపు.