దోమల్ని వదిలే ఊరు

నేను హవాయిలోని మావి దీవిలో ఒక హోటల్లో నైట్ ఆడిటర్‌ని. తెల్లవారుజామున నాలుగున్నరకి ఇక్కడ ఆ రోజు లెక్కలు క్లోజ్ చేసేసరికి కాకినాడలో రాత్రి ఎనిమిదవుతుంది, అమ్మ ఫోన్ చేస్తుంది. ఓసారి మాటల్లో, ఇక్కడ గవర్నమెంటు వాళ్ళు దోమల్ని హెలికాప్టర్లో తీసుకెళ్ళి అడవిలో వదులుతున్నారని చెప్పాను.

"మతిపోయిందేంట్రా వాళ్ళకి? మన వీధిలోకి పొగమందు బండి రమ్మంటే రాదు, వాళ్ళేమో దోమల్ని గాల్లో ఊరేగిస్తున్నారా?" అంది.

పేపర్లో చూసి మా గెస్టులు అడిగేదీ ఇంచుమించు ఇదే. కాకపోతే కాస్త మర్యాదగా అడుగుతారు.

హవాయిలో ఒకప్పుడు దోమన్నదే లేదు. 1826లో లహైనా రేవులో ఆగిన ఓ ఓడ నీళ్ళ పీపాల్లోంచి మొదటి దోమలు దిగాయని చెబుతారు. అవి క్యూలెక్స్ జాతివి. మనకి కొత్తేం కాదు, గోదావరి జిల్లాల్లో బోదకాలు తెచ్చిపెట్టింది ఈ దోమే. మా నాయనమ్మ ఎడమకాలు కనబడకుండా చీర కుచ్చిళ్ళు బాగా కిందికి లాక్కుని కూర్చునేది. ఆ జబ్బు పురుగులు రాత్రిళ్ళే రక్తంలో తిరుగుతాయని, ఫైలేరియా వాళ్ళు జనం పడుకునే వేళకి వచ్చి వేలికి సూది గుచ్చేవాళ్ళు.

ఇక్కడ ఆ దోమ పిట్టల మీద పడింది. పక్షులకొచ్చే మలేరియాని మోసుకు తిరుగుతుంది. అది దోమ వల్లే పాకుతుందని 1898లో కలకత్తాలో తేల్చింది రోనాల్డ్ రాస్. అంతకుముందు ఏడాదే సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసిన ఆయనే. బేగంపేటలో ఆయన పనిచేసిన ఆ భవనం ముందు నుంచి ఎన్నిసార్లు బస్సులో వెళ్ళానో! ఒక్కసారీ దిగి చూడలేదు.

హవాయి అడవుల్లో తేనె తాగే చిన్న పిట్టలు ఒకప్పుడు యాభైకి పైగా రకాలుండేవి. ఇప్పుడు 17 మిగిలాయి. సెలవు రోజున హలెయాకలా కొండ మీద హాస్మర్ గ్రోవ్‌కి వెళ్తే 'ఇఈవి' కనబడింది. కుంకుమలా ఎర్రటి ఒళ్ళు, కొడవలిలా వంగిన ముక్కు. తలుపు కిర్రుమన్నట్టు కూత. జబ్బు దోమ ఒక్కసారి కుడితే పదింట తొమ్మిది చచ్చిపోతాయట. కొండ పైన చలికి దోమలు బతకలేవు కాబట్టి ఇన్నాళ్ళూ ఈ పిట్టలు అక్కడ దాక్కుని బతికాయి. ఇప్పుడు ఆ చలీ తగ్గుతోంది, దోమ పైకి ఎగబాకుతోంది. 2019లో 'కివికియు' అనే పిట్టల్ని 14 తెచ్చి కొత్త అడవిలో వదిలితే చాలావరకు మలేరియాకే పోయాయి. ఆ రకం మొత్తం ప్రపంచంలో ఈ దీవిలోనే, అదీ నూటయాభై లోపే ఉన్నాయి.

మందు కొట్టొచ్చు కదా అనిపిస్తుంది. అడవిలో మందు కొడితే ఇంకెక్కడా లేని పురుగులు కూడా చస్తాయి. పోనీ నీళ్ళు నిలవకుండా చూద్దామంటే, అడవిపందులు ఫెర్న్ చెట్ల మానుల్ని తొలిచి తింటాయి, ఆ తొర్రల్లో వాననీళ్ళు నిలుస్తాయి. మనిషి కాలు పెట్టలేని లోయల్లో వాటినెవరు వెతికి పారబోస్తారు?

అందుకే ఈ ఉపాయం. వొల్బాకియా అని దోమల ఒంట్లో సహజంగా ఉండే ఒక బాక్టీరియా ఉంది. ఇక్కడి దోమల్లో ఉన్నది కాకుండా వేరే రకం వొల్బాకియా ఉన్న మగదోమల్ని కాలిఫోర్నియా ల్యాబ్‌లో పెంచుతారు. వాటితో జతకట్టిన ఆడదోమ పెట్టే గుడ్లు పొదగవు. మగదోమ ఎలాగూ కుట్టదు. 2023 నవంబర్‌లో మావిలో మొదలుపెట్టారు, తర్వాత కవాయి దీవిలోనూ. రెండుచోట్లా కలిపి వారానికి పది లక్షల దాకా వదులుతున్నారు. 2025 నుంచి డ్రోన్లు కూడా వచ్చాయి. మట్టిలో కలిసిపోయే చిన్న డబ్బాలో వెయ్యి దోమలు పెట్టి పైనుంచి జారవిడుస్తారు. గాలివాన వస్తే హెలికాప్టర్ లేవదు, దోమలేమో ఎక్కువ రోజులు నిలవుండే సరుకు కాదు. నన్నడిగితే ఈ స్కీములో అసలు కష్టం సైన్సు కాదు, ఒక్క వారం కూడా తప్పకుండా చేయడం. మనలో ఎంతమంది ఆఫీసర్లకి అంత ఓపిక ఉంటుందో!

ఇష్టం లేనివాళ్ళూ ఉన్నారు. కొందరు కోర్టుకి కూడా వెళ్ళారు కానీ పని ఆగలేదు. నాకు వాళ్ళ మీద కోపం రాదు. మా హౌస్‌కీపింగ్‌లో ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ ఉంది. ఇక్కడ పెద్దవాళ్ళని ఎవరినైనా ఆంటీ అనే పిలుస్తారు. "చెరుకు తోటల్లో ఎలకల కోసమని 1883లో ముంగిసల్ని తెచ్చారు. ఎలకలు తిరిగేది రాత్రి, ముంగిస తిరిగేది పగలు. అది ఎలకల్ని వదిలేసి పిట్ట గుడ్లు తింది. అదీ మంచికనే తెచ్చారుగా?" అంటుంది. ఆ ముంగిసలు జమైకా నుంచి వచ్చాయి, జమైకాకి మన దేశం నుంచే వెళ్ళాయి. ఆ సంగతి ఆంటీకి చెప్పలేదు.

"ఈ దోమలకి పిల్లలుండవు ఆంటీ. వదలడం ఆపేస్తే అవే అయిపోతాయి" అన్నాను.

"అదేదో ముంగిసలకి కూడా చేసి తెచ్చుంటే బావుండేది" అని టవళ్ళ ట్రాలీ తోసుకుంటూ లిఫ్ట్ ఎక్కింది.